సముద్రపు వేడి, శీతాకాలపు పై ఆకాశం: గోదావరి డెల్టా నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

దాళ్వా ఆకుమళ్లు పోసే రోజులు వచ్చాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అమలాపురం చుట్టుపక్కల రైతులు, భీమవరం వైపు చెరువుల వాళ్లు, నా దగ్గర ఫిజిక్స్ చదువుకున్న పిల్లలు, ఇప్పుడు వాళ్ల పిల్లలు కూడా అడుగుతున్నారు. పేపర్లో ఎల్‌నినో మాట పడినా, టీవీలో అమెరికా మంచు తుపాను చూపించినా, సముద్రపు వేడికి, శీతాకాలపు పై ఆకాశానికి, మన చలికి ముడి ఏమిటన్న అవే సందేహాలు మళ్లీ వస్తాయి. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. వరుసగా చదవనక్కరలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

"పై ఆకాశం" అంటే ఎంత ఎత్తు? విమానాలు తిరిగే చోటా?

ఇంకా పైన. మన మీద మేఘం, వాన, ఉరుము, తుపాను అన్నీ కింది 16, 17 కిలోమీటర్లలోనే జరిగిపోతాయి. పాఠ్యపుస్తకాల్లో దీన్నే ట్రోపో ఆవరణం అంటారు. ప్రయాణికుల విమానాలు 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పోతాయి కాబట్టి మన దగ్గర అవి ఈ పొర లోపలే ఉంటాయి. దానిపైన దాదాపు 50 కిలోమీటర్ల దాకా ఉన్నది స్ట్రాటో ఆవరణం. ధ్రువాల దగ్గర ఈ హద్దు బాగా కిందికి, 8, 9 కిలోమీటర్లకే దిగిపోతుంది.

తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు నమ్మేవారు కాదు: సంక్రాంతి ముగ్గు పెట్టే వాకిలికి సరిగ్గా 17 కిలోమీటర్ల పైన చలి మైనస్ 80 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ చలి తగ్గుతుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను ఓజోన్ పీల్చుకోవడం వల్ల ఆ గాలి వేడెక్కుతుంది.

సముద్రపు ఉష్ణోగ్రత చక్రాలంటే గడియారంలా తిరుగుతాయా?

తిరగవు. చక్రం అన్న మాట వల్లే ఈ పొరపాటు వస్తోంది. పసిఫిక్ నీరు వేడెక్కే ఎల్‌నినో, చల్లబడే లానినా 2 నుంచి 7 ఏళ్ల ఎడంతో, ఎడం ఎప్పుడూ ఒకేలా లేకుండా వస్తాయి. ఉత్తర పసిఫిక్‌లో మరో మార్పు ఉంది, అది కొన్ని దశాబ్దాలు ఒకే వైపు మొగ్గి ఉండి తర్వాత రెండో వైపు తిరుగుతుంది. గోదావరికి ఏటా ఎర్రనీరు వస్తుందని మనకు తెలుసు కానీ ఏ తేదీన, ఎంత ఎత్తున వస్తుందో పంచాంగం చూసి చెప్పలేం కదా, ఇదీ అంతే.

## సముద్రం దగ్గర

ఎల్‌నినో, లానినా అంటే తేలికగా చెప్పండి మాస్టారూ.

భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ మీద గాలి మామూలుగా తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. ఆ గాలి పైపై వేడి నీటిని ఇండోనేషియా వైపు నెట్టి పోగు చేస్తుంది. పెరూ తీరంలో మాత్రం అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. ఏదో ఒక ఏడు ఆ గాలి సడలుతుంది. పోగైన వేడి నీరు వెనక్కి, తూర్పుకు జరుగుతుంది. అదే ఎల్‌నినో. గాలి మరింత బిగిసి చల్లదనం ఇంకా పెరిగితే లానినా. మధ్య పసిఫిక్‌లో నిర్ణయించుకున్న ఒక పట్టీలో నీటి వేడి సగటు కంటే అర డిగ్రీ పెరిగి నెలల తరబడి అలాగే నిలిస్తే ఎల్‌నినోగా లెక్కిస్తారు. అతి బలమైన ఎల్‌నినోలో తేడా రెండు డిగ్రీలు దాటుతుంది. క్రిస్మస్ రోజుల్లో వచ్చే వేడి నీటికి పెరూ జాలర్లు బాల యేసు పేరు పెట్టుకున్నారు, ఎల్‌నినో అంటే ఆ బాలుడే.

ఇదంతా విదేశీ శాస్త్రం కదా, మనకు సంబంధం ఏమిటి?

ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు కొంచెం బాధ కలుగుతుంది. ఈ శాస్త్రానికి పునాది పడడంలో మన కరువుల పాత్ర చాలా ఉంది. 1876లో, ధాత నామ సంవత్సరంలో, దక్షిణాదిన వానలు తప్పాయి. పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నది దాన్నే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు పారుతుండడం వల్ల మన డెల్టా నిలదొక్కుకుంది, చుట్టూ ఉన్న మెట్ట ప్రాంతాలు మాడిపోయాయి. ఆ సమయానికి పసిఫిక్‌లో బలమైన ఎల్‌నినో నడిచిందని తర్వాతి కాలంలో తేలింది.

1899లో మళ్లీ వానలు తప్పాయి. 1904లో భారత వాతావరణ విభాగానికి అధిపతిగా వచ్చిన గణిత శాస్త్రవేత్త గిల్బర్ట్ వాకర్, మన రుతుపవనాలను ముందే చెప్పే దారి కోసం ప్రపంచం నలుమూలల నుంచి గాలి పీడనం లెక్కలు తెప్పించి, మనుషుల చేత లెక్కలు కట్టించాడు. పసిఫిక్ మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతోందని, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతోందని గమనించాడు. దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. ఆ గాలి ఊగిసలాట, పెరూ జాలర్ల వేడి నీరు ఒకే జంట అని 1969లో జాకబ్ బియర్క్‌నెస్ ముడివేసి చూపించాడు. మన అన్నం కోసం వేసిన ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే ప్రపంచ వాతావరణంలోని ఇంత పెద్ద ముడి దొరికింది.

మన వైపు సముద్రానికి ఇలాంటిది లేదా?

ఉంది. హిందూ మహాసముద్రంలో పడమర వైపు, అంటే ఆఫ్రికా తీరం దగ్గర, నీరు వేడెక్కి, తూర్పున సుమత్రా దగ్గర చల్లబడడం ఒక దశ. దీనికి ఎదురుది రెండో దశ. దీన్ని డైపోల్ అంటారు. 1999లో దీన్ని శాస్త్రవేత్తలు స్పష్టంగా గుర్తించారు. 2019లో వచ్చిన డైపోల్ లెక్కలు ఉన్న కాలంలో అతి బలమైన వాటిలో ఒకటి. ఆ తర్వాతి శీతాకాలంలో ఉత్తర ధ్రువం మీది గాలి సుడి (ధ్రువ సుడి, దీని వివరం కింద ఉంది) చాలా బలంగా బిగుసుకుంది. ఆ బలానికి ఈ డైపోల్ కూడా ఒక కారణమని కంప్యూటర్ నమూనాలతో పరిశీలించినవారు తేల్చారు. కాబట్టి పసిఫిక్ ఒక్కటే కాదు, మన వాకిట్లోని సముద్రం కూడా ధ్రువం దాకా చేయి చాపగలదు.

## పైకి ఎక్కే దారి

నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే 30 కిలోమీటర్ల పైన గాలి ఎలా మారుతుంది? నమ్మశక్యంగా లేదు.

నేనూ మొదట నమ్మలేదు. అంచెలంచెలుగా చూడండి.

వేడి నీరు ఎక్కడుంటే అక్కడ ఉరుము మేఘాలు లేస్తాయి. ఎల్‌నినోలో ఆ మేఘాల గుంపు ఇండోనేషియా దగ్గర నుంచి మధ్య పసిఫిక్‌కు జరుగుతుంది. ఆవిరి నీటిబొట్టుగా మారేటప్పుడు, అది ఆవిరైనప్పుడు తీసుకున్న వేడినంతా పైన వదిలేస్తుంది. వేల కిలోమీటర్ల మేర ఇలా వేడి పడే చోటు మారడమంటే, ఏటిలో పెద్ద బండను ఒక చోటు నుంచి తీసి మరో చోట వేయడమే. దిగువన అలల తీరంతా మారిపోతుంది. గాలిలో పుట్టే ఈ అలలు అక్కడి నుంచి ఉత్తరానికి, తూర్పుకు వంపు తిరిగి పోతాయి. వీటిని రాస్బీ తరంగాలు అంటారు. ఒక్కో అల వెడల్పు వేల కిలోమీటర్లు ఉంటుంది.

అలాస్కా పక్కన అల్యూషియన్ దీవుల మీద ప్రతి చలికాలం ఒక పెద్ద అల్పపీడనం కూర్చుని ఉంటుంది. ఎల్‌నినో పంపిన అలలు దాన్ని ఇంకా లోతు చేస్తాయి. అసలు మలుపు ఇక్కడే ఉంది. హిమాలయాలు, రాకీ పర్వతాలు, ఖండానికీ సముద్రానికీ మధ్య వేడి తేడా కలిసి ఉత్తరార్ధగోళంలో ఎప్పుడూ ఒక మహా అలను నిలబెట్టి ఉంచుతాయి. ఎల్‌నినో అల దాని శిఖరం మీద శిఖరం, పల్లం మీద పల్లం పడేటట్టు కలుస్తుంది. ఊయల వెనక్కి వచ్చిన క్షణానికి సరిగ్గా తోస్తే ఎంత ఎత్తు లేస్తుందో తెలుసు కదా. బలం పుంజుకున్న ఆ అల పైకి ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి అల ఎత్తు పెరుగుతూ పోతుంది. చివరికి సముద్రపు కెరటం ఒడ్డున విరిగినట్టు స్ట్రాటో ఆవరణంలో విరుగుతుంది. విరిగినప్పుడు ధ్రువం చుట్టూ తిరిగే గాలికి ఎదురు తోపుగా పని చేసి దాని వేగం తగ్గిస్తుంది.

లానినాలో మేఘాల గుంపు పడమటనే బిగిసి ఉంటుంది. అక్కడి నుంచి పుట్టే అల మహా అలకు ఎదురు పడి దాన్ని కొంత కుదిస్తుంది. అందుకే సగటున లానినా చలికాలంలో ధ్రువ సుడి బలంగా, చల్లగా ఉంటుంది.

అంటే ఉరుము మేఘమే అంత ఎత్తుకు వెళ్లి తాకుతుందా?

లేదు. మేఘం తల 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, పైకి ఎక్కేది అల మాత్రమే. నరసాపురం కాలువలో పడవ పోతే ఒడ్డు దగ్గర తూటికాడ ఊగుతుంది, పడవ వచ్చి దాన్ని తాకలేదు.

ఈ అలలు శీతాకాలంలోనే ఎందుకు ఎక్కుతాయి? ఎండాకాలంలో ఎందుకు ఎక్కవు?

మన కాలువల మీద లాకులు చూసినవారికి ఇది చప్పున అర్థమవుతుంది. లాకు తలుపు తెరిచి ఉంటేనే పడవ పై మట్టానికి చేరుతుంది. శీతాకాలంలో స్ట్రాటో ఆవరణంలో గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, ఈ పెద్ద అలలకు అది తెరిచిన తలుపు. ఎండాకాలంలో అక్కడి గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. తలుపు మూసుకున్నట్టే, అల ఎక్కలేదు. చిత్రమేమిటంటే పడమటి గాలి మరీ జోరుగా ఉన్నా తలుపు మూసుకుపోతుంది. చార్నీ, డ్రాజిన్ అనే ఇద్దరు 1961లో గణితంతో దీన్ని చూపించారు. చిన్న చిన్న అలలన్నీ కిందే ఆగిపోతాయి, ఖండాల పొడవున్న అలలకే పైకి దారి దొరుకుతుంది.

## పైన చలికాలంలో జరిగేది

పోలార్ వోర్టెక్స్ అంటే తుపాను లాంటిదా?

కాదు. ఆశ్వయుజం, కార్తీకం వచ్చేసరికి ఉత్తర ధ్రువానికి ఎండ తగలడం ఆగిపోతుంది. పైన ఉన్న గాలి వేడి కోల్పోయి మైనస్ 80 డిగ్రీల దాకా చల్లబడుతుంది. దాని చుట్టూ పడమటి గాలి ఒక పెద్ద చక్రంలా తిరుగుతూ ఆ చలిని లోపల బంధించి ఉంచుతుంది. అదే ధ్రువ సుడి. ప్రతి ఏడూ పుడుతుంది, వసంతంలో ఎండ తిరిగి వచ్చాక కరిగిపోతుంది. ఇదేదో కొత్తగా పుట్టిన విపత్తన్నట్టు టీవీలో చెబుతుంటే వినవద్దు.

నడి చలికాలంలో ధ్రువం మీద గాలి ఒక్కసారిగా 40 డిగ్రీలు వేడెక్కుతుందట, నిజమేనా?

నిజం. 1952లో బెర్లిన్ మీద బెలూన్లతో కొలుస్తూ రిచర్డ్ షెర్‌హాగ్ దీన్ని మొదటిసారి చూశాడు. కొద్ది రోజుల్లోనే 30 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత 30, 40, ఒక్కోసారి 50 డిగ్రీలు పెరుగుతుంది. అంత పెరిగినా అది ఇంకా గడ్డకట్టే చలే, కాకపోతే ముందున్నంత చలి కాదు.

వేడి ఎక్కడి నుంచి వచ్చిందని అందరూ అడుగుతారు. ఎండ లేదు, మంట లేదు. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చేయి పెట్టి చూడండి, కాలుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. కింది నుంచి ఎక్కిన అలలు విరిగి ధ్రువ సుడి వేగాన్ని చంపేసినప్పుడు, గాలి ధ్రువం మీదికి చేరి కిందికి దిగుతుంది. దిగేకొద్దీ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర, 30 కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి పూర్తిగా తిరగబడి తూర్పు గాలి అయితే దాన్ని పెద్ద ఘటనగా లెక్కిస్తారు, సుడి విరిగిందని అనేది దీన్నే. ఉత్తరార్ధగోళంలో సగటున పదేళ్లకు ఆరు దాకా వస్తాయి. దక్షిణ ధ్రువం మీద ఇంత పెద్దది నమోదైంది ఒక్కసారే, 2002 సెప్టెంబరులో. ఆ అర్ధగోళంలో ఎత్తైన కొండలు, ఖండాలు తక్కువ, అందుకే అక్కడ అలలూ తక్కువ.

ఎల్‌నినో ఏడాదైతే వోర్టెక్స్ కచ్చితంగా విరుగుతుందా?

కచ్చితంగా అన్న మాట ఇక్కడ వాడకూడదు. మొగ్గు మాత్రమే ఉంటుంది. జరిగినవే చూడండి.

2023-24 శీతాకాలంలో బలమైన ఎల్‌నినో ఉంది. సుడి జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి తిరగబడింది. పాఠంలో రాసినట్టే జరిగింది. అంతకంటే పెద్దదైన 1997-98 ఎల్‌నినోలో ఒక్క పెద్ద ఘటన కూడా రాలేదు. 2015-16లో కూడా మహా ఎల్‌నినోయే, అయినా శీతాకాలం మొదటి సగమంతా ధ్రువ సుడి అసాధారణమైన బలంతో చలిగా ఉండి, మార్చి మొదట్లో గాని విరగలేదు. మరో వైపు లానినా ఉన్న 2018 ఫిబ్రవరిలోనూ 2021 జనవరిలోనూ సుడి విరిగింది.

లెక్కలు చూసినవారు చెప్పేది ఇది: శీతాకాలం మొత్తం సగటు తీస్తే ఎల్‌నినోలో ధ్రువపు పై గాలి వేడిగా, లానినాలో చల్లగా ఉంటుంది. హఠాత్ ఘటనల సంఖ్య మాత్రం రెండు పక్షాల్లోనూ దాదాపు ఒకే తీరుగా ఉంది. సగటు వేరు, ఒక్కో ఘటన వేరు. ఈ తేడా పట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది. పైగా పెద్ద అగ్నిపర్వతాలు ఈ లెక్కను చెడగొట్టాయి. 1982లో ఎల్ చిచోన్, 1991లో పినటుబో పేలినప్పుడు సరిగ్గా ఎల్‌నినోలు కూడా నడుస్తున్నాయి. ఆ రెండు చలికాలాల్లో ఏ మార్పు ఎవరి వల్ల వచ్చిందో విడదీయడం ఇప్పటికీ కష్టమే.

క్యూబీఓ అని ఇంకొకటి వినిపిస్తోంది. అదీ సముద్రపు చక్రమేనా?

కాదు, అది గాలి చక్రం. భూమధ్యరేఖ మీద స్ట్రాటో ఆవరణంలో గాలి కొన్నాళ్లు తూర్పు నుంచి, కొన్నాళ్లు పడమర నుంచి వీస్తుంది. ఒక చుట్టు పూర్తి కావడానికి సగటున 28 నెలలు. 1883లో క్రకటోవా పేలినప్పుడు దాని ధూళి తూర్పు నుంచి పడమరకు భూమిని చుట్టి వచ్చింది కాబట్టి అక్కడ ఎప్పుడూ తూర్పు గాలే అనుకున్నారు. 1960 ప్రాంతంలో గాని ఈ మార్పిడి బయటపడలేదు. తూర్పు గాలి నడుస్తున్న చలికాలాల్లో ధ్రువ సుడి సగటున బలహీనంగా ఉంటుంది. అంతటి క్రమం కూడా 2016 మొదట్లో, మహా ఎల్‌నినో రోజుల్లో ఒకసారి తప్పింది. దశాబ్దాల కొలతల్లో అలాంటిది అంతకు ముందు చూడలేదు.

ఎల్‌నినో వల్ల ఓజోన్ పలచబడి మనకు ఎండ దెబ్బ ఎక్కువవుతుందా?

భయపడనక్కరలేదు. స్ట్రాటో ఆవరణంలో ఉష్ణమండలం నుంచి పైకి లేచి ధ్రువాల వైపు దిగే నెమ్మదైన గాలి ప్రవాహం ఒకటి ఉంది. ఎల్‌నినోలో అది జోరందుకుంటుంది. మన మీద కింది స్ట్రాటో ఆవరణంలో ఓజోన్ కొంచెం తగ్గి, ధ్రువం వైపు కొంచెం పెరుగుతుంది. మన తేడా చిన్నది. రోళ్లు పగిలే మే నెల ఎండకు దీనికి ముడిపెట్టవద్దు. ధ్రువం వైపు తేడా మాత్రం పెద్దదే. సుడి విరగకుండా చలిగా నిలిచిన 2020 వసంతంలో ఉత్తర ధ్రువం మీద ఓజోన్ మునుపెన్నడూ లేనంతగా తగ్గింది.

## మళ్లీ కిందికి

పైన విరిగితే కింద ఎన్నాళ్లకు తెలుస్తుంది?

రెండు వారాల నుంచి రెండు నెలల దాకా. పైన బలహీనపడిన గాలి ప్రభావం మెల్లగా కిందికి జారి, ఉత్తర అట్లాంటిక్, యూరప్, అమెరికా తూర్పు భాగం మీద జెట్ స్ట్రీమ్ (ఎత్తున పడమర నుంచి జోరుగా పారే గాలి) దారిని దక్షిణానికి వంచుతుంది. ఆ వంపులోంచి ధ్రువపు చలి జారిపోతుంది. 2018 ఫిబ్రవరి ఘటన తర్వాత యూరప్ గడ్డకట్టింది. 2021 జనవరి ఘటన తర్వాత ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు కూడా లేక జనం చలికి చనిపోయారు. అయితే ఆ టెక్సాస్ చలిలో పైన జరిగినదాని పాలు ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. పైన విరిగిన ప్రతిసారీ కిందికి దిగదు కూడా.

## మన డెల్టాకు వస్తే

పోలార్ వోర్టెక్స్ విరిగితే మా ఆకుమడి ఎర్రబడుతుందా?

మీ ఆకుమడికి చలి వేరే దారిన వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తే రాత్రంతా నేల వేడి పైకి పోతుంది, తెల్లవారేసరికి నారు మీద మంచు ముత్యాలు. ఉత్తర భారతం మీదుగా పడమటి అలజడులు పోయాక వచ్చే చల్లగాలి మన దాకా కొంత దిగుతుంది. ఆ అలజడులను మోసుకొచ్చే జెట్ స్ట్రీమ్ మీద ఎల్‌నినో ప్రభావం ఉంది, ధ్రువపు మార్పుల ప్రభావం కూడా కొంత ఉంది. ఆ లెక్కన దారం ఉన్నమాట నిజమే కానీ చాలా సన్నది. ధ్రువపు గాలి నేరుగా మన మీదికి రాకుండా హిమాలయాలు అడ్డు నిలిచాయి.

నారు విషయంలో మీ చేతిలో ఉన్నది చేయండి. రాత్రి మడిలో నీరు నిలిపి, పొద్దున్నే ఆ చల్లటి నీరు తీసేసి కొత్త నీరు పెట్టాలి. చలి మరీ ఎక్కువైతే సాయంత్రం పట్టా కప్పి ఉదయం తీసేయాలి. ఎర్రబడడానికి జింకు లోపం కూడా కారణం కావచ్చు, అది చూసుకోకుండా చలినే తప్పు పట్టవద్దు.

చెరువులో రొయ్యలున్నాయి. ధ్రువపు చలి వస్తోందని ఫోనులో మెసేజ్ వచ్చింది, పట్టుబడి చేసేయమంటారా?

ఇలాంటి మెసేజ్ ఒకటి చూసి, నాకు తెలిసిన ఒక రైతు జనవరిలో సరిగ్గా ఎదగని రొయ్యను వంద కౌంటుకే పట్టేశాడు. ఆ వారం ఇక్కడ చలి మామూలుగానే ఉంది. అతని ముఖం గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది. దయచేసి అమెరికా వార్తలు చూసి చెరువు మీద నిర్ణయం తీసుకోవద్దు. మీ చెరువు నీటి వేడిని పొద్దున, సాయంత్రం థర్మామీటర్ పెట్టి చూసుకోండి. నీరు చల్లబడితే రొయ్య మేత తగ్గిస్తుంది, తెల్లమచ్చ వైరస్‌కు బలం పెరుగుతుంది. మేత కోసేయాల్సింది, ఏరేటర్లు చూసుకోవాల్సింది అప్పుడే.

మన తుపానులకు, అక్కడి పై ఆకాశానికి ఏమైనా బంధుత్వం ఉందా?

ఉంది. ఇందులో నాకు అన్నింటికంటే ఇష్టమైన సంగతి ఇదే. ఉష్ణమండలంలో ఒక పెద్ద మేఘ సమూహం హిందూ మహాసముద్రంలో పుట్టి, 30 నుంచి 60 రోజులకు ఒక చుట్టు చొప్పున తూర్పుకు నడుస్తుంది. దీన్ని కనిపెట్టిన ఇద్దరి పేరిట మ్యాడెన్-జూలియన్ డోలనం అంటారు. అది మన వైపు ఉన్నప్పుడు బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు పుట్టే అవకాశం పెరుగుతుంది. అక్కడి నుంచి కదిలి రెండు మూడు వారాల్లో పశ్చిమ పసిఫిక్ చేరుతుంది. అక్కడ ఉన్నప్పుడు పంపే అలలు అల్యూషియన్ అల్పపీడనాన్ని లోతు చేసి, ఆ తర్వాతి వారాల్లో ధ్రువ సుడిని బలహీనపరిచే వైపు మొగ్గుతాయి. 2018 ఫిబ్రవరిలో సుడి విరగడానికి ముందు ఈ సమూహం పశ్చిమ పసిఫిక్ మీద చాలా బలంగా ఉంది.

అంటే అంతర్వేది దగ్గర వలలు ఒడ్డుకు లాగించిన మేఘాల గుంపే, కొన్ని వారాల తర్వాత ఉత్తర ధ్రువం మీద 30 కిలోమీటర్ల ఎత్తున గాలిని కదిలించవచ్చు.

ఎల్‌నినో ఏడు తుపాను రాదని మా పెద్దలు అంటున్నారు.

ఆ మాట నమ్మి ఉండిపోవద్దు. లానినా ఏళ్లలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల జోరు ఎక్కువగా ఉండే మాట నిజమే. అయినా 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటినప్పుడు నడుస్తున్నది బలమైన ఎల్‌నినో. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను ఎల్‌నినోలో రాలేదు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపడ్డాయి. పసిఫిక్ వైపు చూస్తూ మన సముద్రాన్ని మరిచిపోతే ప్రాణాలు పోతాయి. తుపాను హెచ్చరిక వస్తే ఎల్‌నినోనా, లానినానా అన్నది చూడకుండా లేచి వెళ్లండి.

భూమి వేడెక్కుతోంటే పై ఆకాశం కూడా వేడెక్కుతోందా?

దానికి ఎదురు జరుగుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ కింద వేడి పెరుగుతుంది, స్ట్రాటో ఆవరణం చల్లబడుతుంది. కొలతలు అదే చూపిస్తున్నాయి. సూర్యుడి వేడి పెరగడమే కారణమైతే పైనా కిందా రెండూ వేడెక్కాలి. అధికంగా చేరిన వేడిలో దాదాపు 90 శాతం సముద్రమే దాచుకుంటోంది.

## ముందుగా తెలుసుకోవడం

ఇవన్నీ ఎంత ముందుగా చెప్పగలరు?

శీతాకాలపు ఎల్‌నినో సంగతి వానాకాలం మధ్యకు చాలావరకు తేలుతుంది. మార్చి, ఏప్రిల్‌లో వేసే అంచనాలు మాత్రం తరచూ తప్పుతాయి. ధ్రువ సుడి ఏ రోజున విరుగుతుందో 10 నుంచి 15 రోజుల ముందు గాని చెప్పలేరు. భారత వాతావరణ విభాగం ఎల్‌నినో, డైపోల్‌ల మీద ప్రతి నెలా బులెటిన్ వేస్తుంది. దాన్ని చదవడం అలవాటు చేసుకోండి.

ఇలాంటి పరిశీలనలు మన తెలుగు నేల మీద జరుగుతున్నాయా?

జరుగుతున్నాయి. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి పెద్ద రాడార్ నిటారుగా ఆకాశంలోకి చూస్తూ పై గాలులను కొలుస్తుంది, లేజరు కిరణాలతో స్ట్రాటో ఆవరణపు వేడిని చూసే లైడార్ కూడా ఉంది. ధ్రువం మీద గాలి వేడెక్కినప్పుడు ఉష్ణమండలపు స్ట్రాటో ఆవరణం చల్లబడుతుంది కాబట్టి, అక్కడి సుడి విరిగిన గుర్తు ఇక్కడి పై ఆకాశంలోనూ దొరుకుతుంది. హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా స్ట్రాటో ఆవరణంలోకి భారీ బెలూన్లు పంపుతోంది. సముద్రం లెక్కలు చూసే ఇంకాయిస్ కూడా హైదరాబాదులోనే ఉంది. మన జాలర్లకు చేపలు దొరికే చోట్ల సమాచారం పంపేది వాళ్లే.

మా చేలో దారంతో కట్టిన తెల్లటి డబ్బా, చిరిగిన రబ్బరు పడి ఉన్నాయి. ఏమిటవి? ముట్టుకోవచ్చా?

ముట్టుకోవచ్చు. అది రేడియోసోండ్. విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి కేంద్రాల నుంచి వాతావరణ విభాగం బెలూన్‌కు కట్టి వదులుతుంది. ప్రపంచమంతటా ఒకే వేళకు, మన లెక్కలో ఉదయం 5:30కు, సాయంత్రం 5:30కు ఇలాంటి బెలూన్లు లేస్తాయి. చలికాలంలో ఎత్తున గాలి పడమర నుంచి వీస్తుంది కాబట్టి మచిలీపట్నంలో వదిలింది కొట్టుకుంటూ మన వైపు వచ్చి పడవచ్చు.

ఒకసారి దాళ్వా గట్టు మీద నాకూ ఒకటి దొరికింది. థర్మాకోల్ డబ్బా, అరచేతిలో పట్టేంత, బరువే లేదు. పక్కకు పొడుచుకొచ్చిన సన్నని రేకు చివర వెంట్రుక లాంటి తీగ, వేడిని కొలిచేది అదే. బెలూన్ పైకి పోయేకొద్దీ ఉబ్బి ఉబ్బి 30 కిలోమీటర్ల దగ్గర పగులుతుంది. ఆ డబ్బా మైనస్ 80 డిగ్రీల పొరను దాటి, స్ట్రాటో ఆవరణం సగం చూసి, దారి పొడవునా లెక్కలు రేడియోలో పంపి, రెండు, రెండున్నర గంటల్లో తిరిగి మన బురదలో పడింది. మీ పిల్లలకు చూపించి, ఏ ఎత్తు నుంచి వచ్చిందో చెప్పండి. రబ్బరు ముక్కలు, దారం మాత్రం గేదెలు నమలకుండా ఏరి తీసేయండి.